జామ పండు – ఎర్ర రక్తకణాల ఉత్పత్తి: సంగారెడ్డి జిల్లా విస్తరణ కార్యక్రమాలకు ఒక అధ్యయన పాఠం

సారాంశం

పండ్ల సారాలు ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని పెంచుతాయన్న వాదన పరిశోధన పత్రాల్లోనూ, పల్లె ప్రజల నోటా తరచుగా వినిపిస్తుంది. సంగారెడ్డి జిల్లాకు చిరపరిచితమైన జామ పండును ఉదాహరణగా తీసుకొని, ఈ వాదనలో నిలిచేది ఎంత, నిలవనిది ఎంత అనే విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించాము. జామ పండు శరీరానికి చెప్పుకోదగినంత ఇనుమును ఇవ్వదు. భోజనంలో అప్పటికే ఉన్న ఇనుము ఒంటికి పట్టేందుకు తోడ్పడుతుంది. కాబట్టి తాజా పండును భోజనంతో పాటు తిన్నప్పుడే ఆ మేలు కలుగుతుంది. ఈ మేలు రక్తహీనతను నివారించే స్థాయిలోనిదే గాని, ముదిరిన రక్తహీనతకు చికిత్స కాజాలదు. ఈ తేడాను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు స్పష్టంగా గ్రహించడం అవసరం.

ఉపోద్ఘాతం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 సంవత్సరాల మహిళల్లో 57.6 శాతం మంది, 6–59 నెలల పిల్లల్లో 70 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. అదే వయసు పురుషుల్లో ఈ సంఖ్య 15.3 శాతం మాత్రమే. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తినేవారి మధ్య ఇంత అంతరం ఉండటానికి ప్రధాన కారణం ఇనుము అవసరాల్లోని తేడాయే. నెలసరి, గర్భధారణ, పిల్లల్లో పెరుగుదల ఇనుము అవసరాన్ని పెంచుతాయి. ఆ అవసరాన్ని తీర్చగల ఆహారం మాత్రం అందరికీ ఒకటే.

కంది నుండి పటాన్‌చెరు వరకు ముంబై జాతీయ రహదారి వెంట ఉన్న గ్రామాల్లో నేడు రెండు రకాల జీవనం పక్కపక్కనే సాగుతున్నది. ఒకవైపు జొన్న, కంది, పత్తి పండించే రైతు కుటుంబాలు ఉన్నాయి. మరొకవైపు కర్మాగారాల్లో షిఫ్టులవారీగా పనిచేసే కార్మిక కుటుంబాలు ఉన్నాయి. ఇరువురి భోజనంలోనూ ధాన్యం, పప్పుదే అధిక భాగం. భోజనానికి ముందో వెనుకో చాయ్ తాగే అలవాటు ఇరువురికీ ఉంది. పండు మాత్రం చాలా ఇళ్లలో జ్వరం వచ్చినప్పుడో, చుట్టం వచ్చినప్పుడో కొనే వస్తువుగానే మిగిలింది.

"ఒంట్లో రక్తం లేదు" అన్న మాట వినగానే "దానిమ్మ తినండి, బీట్‌రూట్ రసం తాగండి, రక్తం పడుతుంది" అని సలహా ఇవ్వడం మన సమాజంలో పరిపాటి. ఎర్రని పదార్థం ఎర్రని రక్తాన్ని ఇస్తుందన్న భావన ఈ సలహాకు ఆధారం. రంగుకు, రక్తానికి ఈ విషయంలో సంబంధం లేదు. దానిమ్మలోని ఎరుపు ఆంథోసైనిన్ల వల్ల, బీట్‌రూట్‌లోని ఎరుపు బీటాలైన్ల వల్ల వస్తుంది. ఈ రెండింటిలోనూ ఇనుము లేదు. ఇటువంటి సలహాను నమ్మి రక్తపరీక్షను, ఇనుము మాత్రలను వాయిదా వేసుకున్న గర్భిణికి జరిగే నష్టం చిన్నది కాదు. అలాగని పండుకు ఏ పాత్రా లేదని కొట్టిపారేసినా మరొక రకమైన నష్టం జరుగుతుంది. సరైన పాత్ర ఏదో తెలుసుకోవాలంటే ముందుగా ఎర్ర రక్తకణం తయారయ్యే తీరును అర్థం చేసుకోవాలి.

ఎర్ర రక్తకణం తయారయ్యే విధానం

ఆరోగ్యవంతుడైన వయోజనుని ఎముక మజ్జ క్షణానికి సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలను తయారు చేస్తుంది. ఒక్కొక్క కణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. మజ్జలోని మూలకణాలకు అది ఆజ్ఞ వంటిది. ఆజ్ఞ అందిన తరువాత పని సాగడానికి మూడు ముఖ్యమైన ముడిసరుకులు కావాలి. కణ విభజనకు ఫోలేట్, విటమిన్ బి12 అవసరం. హిమోగ్లోబిన్ నిర్మాణానికి ఇనుము అవసరం. వీటికి తోడు గ్లోబిన్ తయారీకి మాంసకృత్తులు, హీమ్ తయారీలో విటమిన్ బి6 తోడ్పడతాయి.

మజ్జకు రోజుకు 20 నుండి 25 మి.గ్రా. ఇనుము కావాలి. ఇందులో అత్యధిక భాగం ఆహారం నుండి రాదు. ఆయువు తీరిన కణాలను ప్లీహం, కాలేయంలోని భక్షక కణాలు విడగొట్టి, వాటిలోని ఇనుమును తిరిగి మజ్జకు పంపుతాయి. ఆహారం నుండి రోజూ చేరవలసినది 1 నుండి 2 మి.గ్రా. మాత్రమే. చెరువులోని నీటినే తిరిగి తిరిగి వాడుకుంటూ, ఆవిరైన మేరకు మాత్రమే కాలువ ద్వారా నింపుకొనే పద్ధతి వంటిదే ఇది. కాలువ సన్నదైనా ఎడతెగకుండా పారాలి. అది నెలల తరబడి ఆగితే ముందు నిల్వలు తగ్గుతాయి. అప్పటికి హిమోగ్లోబిన్ మారదు. నిల్వలు అడుగంటిన తరువాతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం గర్భిణి కాని మహిళకు 100 మి.లీ. రక్తంలో 12 గ్రాముల కంటే, గర్భిణికి సాధారణంగా 11 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు.

ఈ వివరణ నుండి ఒక విషయం తేటపడుతుంది. ఏదైనా పండు ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని పెంచుతుందని అన్నప్పుడు అది ఏ మెట్టు వద్ద పనిచేస్తున్నదో చెప్పాలి. మజ్జకు ఆజ్ఞ ఇస్తున్నదా? ముడిసరుకును సమకూరుస్తున్నదా? ముడిసరుకు లోపలికి వచ్చే ద్వారాన్ని తెరుస్తున్నదా? ఈ ప్రశ్నకు సమాధానం లేని వాదనను విస్తరణ సందేశంగా మార్చకూడదు.

జామ పండులో ఏమున్నది?

100 గ్రాముల జామ పండులో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. వయోజన మహిళకు రోజుకు 29 మి.గ్రా. ఇనుము ఆహారంలో ఉండాలని భారత వైద్య పరిశోధనా మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేశాయి. ఆ లెక్కన చూస్తే జామ ఇచ్చే ఇనుము దాదాపు లెక్కలోకి రాదు. కొంత ఫోలేట్ ఉంటుంది. బి12 ఏ మాత్రం ఉండదు.

జామ ప్రత్యేకత విటమిన్ సి. 100 గ్రాముల పండులో ఇది 200 మి.గ్రా. లేదా అంతకు మించి ఉంటుంది. వయోజన మహిళ రోజువారీ అవసరం 65 మి.గ్రా. కాగా, ఒక మోస్తరు జామకాయలో సగం తిన్నా ఆ అవసరం తీరి ఇంకా మిగులుతుంది. ఉసిరిని మినహాయిస్తే మన ప్రాంతంలో సామాన్యునికి అందుబాటులో ఉన్న పండ్లలో ఈ విషయంలో జామకు సాటి రాగలది అరుదు.

విటమిన్ సి చేసే పనిని తెలుసుకోవాలంటే ధాన్యాల్లోని ఇనుము స్వభావాన్ని గమనించాలి. జొన్న, వరి, కంది వంటి పంటల్లోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. గింజలో భాస్వరాన్ని నిల్వచేసే ఫైటిక్ ఆమ్లం ఈ ఇనుమును గట్టిగా పట్టి ఉంచుతుంది. చాయ్‌లోని పాలీఫినాళ్లు కూడా అదే పని చేస్తాయి. ఈ బంధంలో ఉన్న ఇనుము పేగు గోడను దాటలేక మలంతో బయటకు పోతుంది. విటమిన్ సి ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్ రూపానికి మారుస్తుంది. జీర్ణాశయపు ఆమ్లంలో దానితో కరిగే బంధాన్ని ఏర్పరచి, చిన్నపేగు మొదటి భాగం వరకు కరిగిన స్థితిలోనే తీసుకుపోతుంది. అక్కడి కణాలు ఫెర్రస్ రూపాన్ని మాత్రమే లోపలికి తీసుకోగలవు. అంటే జామ పండు మజ్జకు ఆజ్ఞ ఇవ్వదు, ఇనుమునూ ఇవ్వదు. ద్వారాన్ని మాత్రమే తెరుస్తుంది.

దీని నుండి వచ్చే ఆచరణాత్మక సూత్రం చాలా ముఖ్యమైనది. ఇనుము, విటమిన్ సి ఒకే సమయంలో కడుపులో ఉండాలి. ఉదయం పది గంటలకు తిన్న జామకాయ మధ్యాహ్నం రెండు గంటలకు తిన్న జొన్నరొట్టెలోని ఇనుముకు పెద్దగా ఉపయోగపడదు.

హైదరాబాద్‌లోని ఆధారం

ఈ సూత్రాన్ని మన భోజనంతోనే పరీక్షించిన ప్రయోగం మన ముందే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అమెరికా పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. 13 నుండి 15 సంవత్సరాల వయసున్న బాలబాలికలకు ఒకసారి మామూలు అన్నం భోజనాన్ని, మరొకసారి అదే భోజనంతో పాటు 100 గ్రాముల జామ పండును ఇచ్చారు. భోజనంలో ఇనుము స్థిర ఐసోటోపును కలిపి, ఎంత ఇనుము శరీరంలోకి చేరిందో కొలిచారు. జామతో తిన్నప్పుడు ఇనుము గ్రహణం రెట్టింపు కంటే ఎక్కువైంది. జింకు గ్రహణంలో మాత్రం మార్పు రాలేదు.

ఈ ఫలితాన్ని చదివే విద్యార్థి మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఇందులో వాడినది పండు, సారం కాదు. రెండవది, జింకు మారకపోవడం. జామ అన్ని ఖనిజాలకూ మేలు చేసే సర్వసాధారణ ఔషధం కాదనీ, ఇనుముకు సంబంధించిన రసాయనిక చర్య ద్వారానే పనిచేస్తుందనీ ఇది సూచిస్తుంది. మూడవది, ఇక్కడ కొలిచినది గ్రహణాన్ని. హిమోగ్లోబిన్ పెరుగుదలను కాదు. గ్రహణం రెట్టింపైతే హిమోగ్లోబిన్ కూడా రెట్టింపు వేగంతో పెరుగుతుందని అనుకోరాదు. నెలల తరబడి పూర్తి ఆహారంతో చేసిన పరిశీలనల్లో విటమిన్ సి ప్రభావం ఒక పూట భోజనంతో చేసిన పరీక్షల్లో కనిపించినంతగా ఉండదని పోషకాహార శాస్త్రం గుర్తించింది. ఇనుము నిల్వలు నిండే కొద్దీ కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును విడుదల చేసి పేగు ద్వారాన్ని తగ్గించడం కూడా ఇందుకు ఒక కారణం.

ఒక చిన్న లెక్క

విస్తరణ సందేశం ఎంత బలంగా ఉండాలో నిర్ణయించుకోవడానికి ఈ కింది లెక్క ఉపకరిస్తుంది. విద్యార్థులు కాగితం మీద చేసి చూడవచ్చు.

50 కిలోల బరువున్న మహిళ శరీరంలో కిలోకు 65 మి.లీ. చొప్పున సుమారు 3,250 మి.లీ. రక్తం ఉంటుంది. ఆమె హిమోగ్లోబిన్‌ను 100 మి.లీ.కు ఒక గ్రాము పెంచాలంటే మొత్తం 32.5 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా తయారు కావాలి. ఒక్కొక్క గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మి.గ్రా. ఇనుము ఉంటుంది. కావలసిన ఇనుము సుమారు 110 మి.గ్రా.

ఒక పూట భోజనంలో 5 మి.గ్రా. ఇనుము ఉన్నదనీ, అందులో 5 శాతం ఒంటికి పడుతున్నదనీ అనుకుందాం. అది 0.25 మి.గ్రా. జామ వల్ల గ్రహణం రెట్టింపైతే అదనంగా మరో 0.25 మి.గ్రా. చేరుతుంది. రెండు పూటలా జామ తింటే రోజుకు అదనం 0.5 మి.గ్రా. మిగిలిన ఆహారం రోజువారీ నష్టాలకు సరిగ్గా సరిపోతున్నదని భావించినా, 110 మి.గ్రా. సమకూరడానికి 220 రోజులు, అంటే ఏడు నెలలకు పైగా పడుతుంది. గర్భధారణ కాలం తొమ్మిది నెలలే.

ఇప్పుడు మాత్ర సంగతి చూద్దాం. 60 మి.గ్రా. ఇనుమున్న మాత్రలో పదో వంతు గ్రహించబడినా రోజుకు 6 మి.గ్రా. చేరుతుంది. అదే 110 మి.గ్రా. 18 రోజుల్లో సమకూరుతుంది. వాస్తవంలో ఇంకొంత సమయం పట్టవచ్చు గాని, రెండింటి మధ్య ఉన్న వ్యత్యాసం మాత్రం పన్నెండు రెట్లు.

అలాగైతే జామ వల్ల ప్రయోజనం ఏమిటి? నెలసరిలో సగటున 30 నుండి 40 మి.లీ. రక్తం పోతుంది. ఆరోగ్యవంతురాలి రక్తంలో ప్రతి మి.లీ.కు సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. అంటే నెలకు 15 నుండి 20 మి.గ్రా., రోజుకు సగటున 0.5 నుండి 0.7 మి.గ్రా. నష్టం. పై లెక్కలో జామ వల్ల అదనంగా చేరినది రోజుకు 0.5 మి.గ్రా. నెలసరి వల్ల కలిగే ఇనుము నష్టంలో అధిక భాగాన్ని భోజనంతో తిన్న జామ పూడ్చగలదన్నమాట. పండు స్థానం ఇక్కడే ఉంది. రక్తహీనత రాకుండా కాపాడడానికి, మాత్రలతో కోలుకున్న తరువాత మళ్లీ రాకుండా నిలబెట్టడానికి అది సమర్థమైనది. వచ్చిన రక్తహీనతను తక్షణం తొలగించగల శక్తి దానికి లేదు.

పండు, రసం, సారం: తేడాలు

పరిశోధన పత్రాల్లో సారం అన్న మాట కింద చాలా భిన్నమైన పదార్థాలు చేరిపోతాయి. నీటితో తీసిన సారంలో విటమిన్ సి, చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు వస్తాయి. ఇథనాల్ వంటి ద్రావణులతో తీసిన సారంలో పాలీఫినాళ్లు అధికంగా చేరుతాయి. లేత జామకాయలో టానిన్లు ఎక్కువ. కొరికితే వగరుగా ఉండటానికి కారణం అదే. టానిన్లు ఇనుమును పట్టి ఉంచుతాయి. కాబట్టి ఒకే జామ నుండి, తీసిన పద్ధతిని బట్టి, ఇనుము గ్రహణాన్ని పెంచే సారమూ రావచ్చు, తగ్గించే సారమూ రావచ్చు. ఏ దశ కాయ, ఏ ద్రావణి, ఎంత ఉష్ణోగ్రత, ఎంత కాలం నిల్వ అన్న వివరాలు లేని ఫలితాన్ని మరొక చోట అన్వయించలేము.

విటమిన్ సి వేడికి, గాలికి, వెలుతురుకు త్వరగా నశిస్తుంది. రసాన్ని మరిగించినా, గంటల తరబడి తెరిచి ఉంచినా, రాగి పాత్రలో నిల్వచేసినా దాని శక్తి తగ్గుతుంది. జామ జెల్లీ, జామ్ వంటివి రుచికి, ఆదాయానికి మంచివే గాని, తాజా పండు చేసే పనిని అవి చేస్తాయని చెప్పరాదు. తోలులోనూ, తోలును ఆనుకొని ఉన్న గుజ్జులోనూ విటమిన్ సి ఎక్కువ కాబట్టి కడిగి, తోలుతోనే తినాలి.

జంతు ప్రయోగాలను చదివేటప్పుడు

పండ్ల సారాలు రక్తకణాలను పెంచాయని చెప్పే పత్రాల్లో అనేకం ఎలుకలపై చేసినవి. వీటిలో తరచుగా ఫినైల్‌హైడ్రజీన్ అనే రసాయనాన్ని ఇచ్చి రక్తహీనతను కలిగించి, తరువాత సారాన్ని తాగించి, హిమోగ్లోబిన్ పెరుగుదలను నమోదు చేస్తారు. విద్యార్థులు ఇటువంటి పత్రాన్ని చదివేటప్పుడు నాలుగు అంశాలను పరిశీలించాలి.

మొదటిది, ఫినైల్‌హైడ్రజీన్ ఎర్ర రక్తకణాలను పగులగొడుతుంది. ఇనుమును శరీరం నుండి తొలగించదు. పగిలిన కణాల ఇనుము లోపలే ఉండి తిరిగి వాడుకలోకి వస్తుంది. కాబట్టి ఇది మన పల్లెల్లోని ఇనుము లోప రక్తహీనతకు నమూనా కాదు. ఏ మందూ ఇవ్వకపోయినా ఆ ఎలుకలు కొద్ది వారాల్లో వాటంతట అవే కోలుకుంటాయి. సారం ఇవ్వని రక్తహీన ఎలుకల గుంపుతో పోల్చకుండా తేల్చిన ఫలితానికి విలువ లేదు.

రెండవది, ఎలుక తన కాలేయంలో విటమిన్ సిని తానే తయారు చేసుకుంటుంది. మనిషికి, గినీపందికి ఆ శక్తి లేదు. విటమిన్ సి ప్రధానంగా ఉన్న పండును ఎలుకపై పరీక్షించి మనిషికి అన్వయించడంలో ఉన్న చిక్కు ఇదే.

మూడవది, ఎలుక పేగుల్లో ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైము మనిషిలో కంటే చాలా ఎక్కువ. ధాన్యాహారంలోని ఇనుము దానికి సులభంగా అందుతుంది. మన సమస్య అయిన ఫైటేట్ బంధం ఎలుకకు అంత సమస్య కాదు.

నాలుగవది, మోతాదు. కిలో బరువుకు వందల మిల్లీగ్రాముల ఎండు సారం ఇచ్చిన ప్రయోగాన్ని, రోజుకు ఒక పండు తినే మనిషికి పోల్చేముందు ఆ సారం ఎన్ని పండ్లకు సమానమో లెక్కకట్టాలి.

మన విద్యార్థులు ఈ అంశంపై ప్రయోగం చేపట్టదలిస్తే, వైద్య సంస్థల సహకారంతో, నైతిక సంఘం అనుమతితో, మనుషుల్లో తాజా పండును భోజనంతో ఇచ్చే పద్ధతినే ఎంచుకోవడం మేలు. హిమోగ్లోబిన్‌తో పాటు ఇనుము నిల్వలను తెలిపే ఫెర్రిటిన్‌ను కూడా కొలవాలి. శరీరంలో వాపు, జ్వరం ఉన్నప్పుడు ఫెర్రిటిన్ అసలు స్థితికి మించి కనిపిస్తుంది కాబట్టి వాపును సూచించే పరీక్ష కూడా జోడించాలి. రక్తకణం ఆయుష్షు 120 రోజులన్న విషయాన్ని దృష్టిలో ఉంచుకొని ప్రయోగ కాలాన్ని కనీసం ఆరు నెలలుగా నిర్ణయించుకోవాలి.

పారిశ్రామిక ప్రాంతంలో అదనపు జాగ్రత్త

రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్ల రావు. బి12 లోపం, కొంకి పురుగులు, తలసేమియా, మూత్రపిండాల వ్యాధి కూడా కారణాలు కావచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు ఎరిత్రోపొయిటిన్ తగ్గిపోతుంది. అప్పుడు ఆజ్ఞే అందని మజ్జకు జామ ఏమీ చేయలేదు. తలసేమియా ఉన్నవారిలో ఇనుము అధికమయ్యే ప్రమాదం ఉన్నందున వైద్యుని సలహా లేకుండా ఇనుమును పెంచే ప్రయత్నం చేయరాదు.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పరిసరాలకు మరొక కోణం ఉంది. ఇక్కడి నేలల్లో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ వంటి మూలకాలు పెరిగిన విషయాన్ని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. సీసం హీమ్ తయారీలోని ఎంజైములను అడ్డుకుంటుంది. ఇనుము, సీసం పేగులో ఒకే ద్వారం గుండా లోపలికి వెళ్లగలవు. ఇనుము లోపించిన బిడ్డ శరీరం ఆ ద్వారాన్ని ఇంకా విశాలంగా తెరుస్తుంది. దానితో పాటు సీసమూ ఎక్కువగా లోపలికి చేరుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో పిల్లలకు తగినంత ఇనుము అందేలా చూడడం రక్తహీనత నివారణకే గాక సీసం బారి నుండి రక్షణకూ అవసరం. మాత్రలు వాడినా హిమోగ్లోబిన్ పెరగని పిల్లలను వైద్యులకు చూపించి, సీసం పరీక్ష విషయం అడగాలి.

సాగు విషయంలోనూ ఈ జాగ్రత్త పాటించాలి. వ్యర్థజలాలు చేరే వాగుల పక్కన తోట వేయదలచిన రైతులు ముందుగా నేలను, నీటిని భారలోహాల కోసం పరీక్ష చేయించుకోవాలి. సాధారణంగా పండ్ల కంటే ఆకుకూరలు, దుంపలు ఈ లోహాలను ఎక్కువగా గ్రహిస్తాయి. దుమ్ము తోలుపై పేరుకుంటుంది కాబట్టి రహదారి పక్కన అమ్మే పండ్లను పారే నీటిలో బాగా రుద్ది కడగాలి.

తోట నుండి కంచం వరకు

ఈ జిల్లాకు జామ కొత్త కాదు. జహీరాబాద్ సమీపంలోని కోహీర్ పేరు జామతోనే ప్రసిద్ధి చెందింది. సంగారెడ్డి ఫల పరిశోధనా స్థానంలో అలహాబాద్ సఫేదాను కోహీర్ జామతో సంకరపరచి సఫేద్ జామ్, కోహీర్ సఫేదా అనే రకాలను రూపొందించారు. ఇటీవల తైవాన్ జామ సాగు కూడా విస్తరించింది. రకం ఏదైనా భోజనంతో తింటే ప్రయోజనం ఉంటుంది. పెద్ద కాయ, తీపి, నిల్వ గుణం మార్కెట్ కోరే లక్షణాలు. పోషక విలువ దృష్ట్యా మాత్రం చెట్టుపై పూర్తిగా పక్వానికి వచ్చి, రంగు మారుతున్న దశలో కోసిన పండు శ్రేష్ఠం. మరీ పండి మెత్తబడిన తరువాత విటమిన్ సి తగ్గుతుంది.

జామ సంవత్సరంలో ఒకటికి మించి పూతకు వస్తుంది. వానాకాలపు కాపులో పండు ఈగ బెడద ఎక్కువ, నాణ్యత తక్కువ. శీతాకాలపు కాపు రుచిలోనూ, విటమిన్ సి విషయంలోనూ మేలైనది. ఫిబ్రవరి నుండి మే మధ్య వరకు నీరు ఆపి చెట్లకు విశ్రాంతినిచ్చి, తరువాత పాదులు తవ్వి, తేలికపాటి కత్తిరింపులు చేసి, పశువుల ఎరువు, రసాయన ఎరువులు వేసి నీరు పెడితే జూన్–జూలైలో పూత వచ్చి నవంబరు–జనవరి మధ్య కాయ చేతికొస్తుంది. పెరటిలో రెండు చెట్లున్న ఇల్లాలికి ఈ పద్ధతి నేర్పడం కూడా పోషకాహార విస్తరణలో భాగమే. జామ లేని నెలల్లో భోజనంలో నిమ్మరసం పిండుకోవడం, ఉసిరి వాడడం ప్రత్యామ్నాయాలు.

ద్వారం తెరిచినంత మాత్రాన చాలదు. లోపలికి రావలసిన ఇనుము కంచంలో ఉండాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కృషితో రూపొంది 2012లో మహారాష్ట్రలో విడుదలైన ధనశక్తి సజ్జలో కిలోకు సుమారు 71 మి.గ్రా. ఇనుము ఉంటుంది. ఇటువంటి ధాన్యం, ఆకుకూరలు, పప్పులతో పాటు జామను జోడించినప్పుడు రెండు వైపుల నుండీ ప్రయోజనం కలుగుతుంది. గింజలను నానబెట్టడం, మొలకెత్తించడం, పిండిని పులియబెట్టడం ఫైటేట్‌ను తగ్గిస్తాయి.

విస్తరణ కార్యకర్తలు చెప్పవలసిన మాటలు

గ్రామసభల్లో, అంగన్‌వాడీ కేంద్రాల్లో, రైతు శిక్షణ తరగతుల్లో ఈ కింది సందేశాలను సరళంగా చెప్పవచ్చు.

1. జామ పండును భోజనంతో పాటు గాని, భోజనం ముగిసిన వెంటనే గాని తినాలి. సగం పండు తిన్నా ఫలితం ఉంటుంది.

2. చాయ్‌ని భోజనానికి కనీసం గంట ఎడంగా తాగాలి. కర్మాగార క్యాంటీన్లలో భోజన విరామంలోనే చాయ్ ఇచ్చే చోట, దానిని తరువాతి విరామానికి మార్చమని యాజమాన్యాలకు సూచించవచ్చు. ఖర్చు లేని మార్పు ఇది.

3. పాలలోని కాల్షియం ఇనుము గ్రహణాన్ని తగ్గిస్తుంది. పాలు మానరాదు, భోజనంతో కాక వేరే సమయంలో తాగాలి. ఇనుము మాత్రనూ పాలతో, చాయ్‌తో వేసుకోరాదు.

4. పండు మాత్రకు ప్రత్యామ్నాయం కాదు. గర్భిణులు, కిశోర బాలికలు ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన మాత్రలను పూర్తిగా వాడాలి. పిల్లలకు నులిపురుగుల మందు వేయించాలి.

5. "రక్తం పెంచే" రసాలు, పొడులు, టానిక్కులను ఖరీదు పెట్టి కొనేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. ఆయాసం, కాళ్ల వాపు, పాలిపోవడం ఉంటే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ముగింపు

ఒక పండుపై పరిశోధన చేసిన ప్రతిసారీ దానిని ఔషధంగా ప్రకటించాలన్న ఉత్సాహం కలగడం సహజం. కాని విస్తరణ శాస్త్రవేత్త మాటకు గ్రామంలో ఉన్న విలువ, చెప్పిన ఫలితం కంటికి కనిపించినప్పుడే నిలుస్తుంది. జామ తింటే నెలలో రక్తం పెరుగుతుందని చెబితే, నెల తరువాత పరీక్షలో అది కనిపించనప్పుడు జామతో పాటు మన మాటా విలువ కోల్పోతుంది. తరువాత మనం చెప్పే ఎరువు మోతాదును, విత్తన శుద్ధిని కూడా రైతు సందేహిస్తాడు. భోజనంతో రోజూ సగం జామకాయ తింటే తిన్న తిండిలోని ఇనుము వృథా కాకుండా ఒంటికి పడుతుందని చెబితే, అది ఏడాది తరువాత కూడా నిజంగానే ఉంటుంది. కోహీర్ తోటల్లో పండిన కాయ నగర మార్కెట్‌కు తరలిపోయే ముందు, అందులో కొంత దారిలోని కంది, పటాన్‌చెరు ఇళ్ల కంచాల్లోకి చేరేలా చూడడమే ఉద్యాన, వ్యవసాయ, స్త్రీ శిశు సంక్షేమ శాఖలు కలిసి చేయదగిన పని.